గని వైపు ఒరుగుతున్న టెలిస్కోపు

కమలాపురం మండలంలో కాపురముంటున్న, కీర్తిశేషులు ప్రేమయ్య గారి పెద్ద కొడుకునైన ఫోటో స్టూడియో గాబ్రియేలు అనే నేను, నా సొంత చేత్తో రాసుకున్న వీలునామా.

బీపీ తప్ప నాకు జబ్బు లేదు. బుద్ధి స్థిరంగా ఉంది. ఈ మాట నొక్కి రాయడానికి కారణముంది. నాకు మతి చెడిందని నా తమ్ముడు యేసుప్రసాద్ ఊరంతా చెప్పుకు తిరుగుతున్నాడు. ఎవరూ నన్ను బెదిరించలేదు, బతిమాలలేదు.

1. నా స్వార్జితమైన ఇంటిని ఎవరికీ ఇవ్వడం లేదు. నా తదనంతరం దాన్ని కూల్చి, స్థలం చుట్టూ ముళ్ళకంచె వేయించాలి. అందులో ఎవరూ ఒక్క రాత్రి కూడా పడుకోకూడదు.

కారణం చెబుతాను. నాతో పాటు తమ్ముడి కుటుంబమూ ఈ ఇంట్లోనే ఉంటోంది. ఇంటికి తూర్పున తమ్ముడి నాపరాళ్ళ గని ఉంది. తవ్వుకుంటూ తవ్వుకుంటూ మా ప్రహరీ కిందికి వచ్చేశాడు. మిద్దె మీద నా అబ్జర్వేటరీ ఉంది. పెళ్ళి ఫోటోలు మానేశాక గెలాక్సీల ఫోటోలు మొదలుపెట్టాను. అవి ఫోటో బాగాలేదని తగువుకు రావు. వాటి వెలుగు చాలా పలచన కాబట్టి, టెలిస్కోపు తిరిగే ఇరుసును ధ్రువనక్షత్రం దిక్కుకు సరిచేసి, గంటల తరబడి ఫోటో తీయాలి. అందుకే పునాది బండ నుంచి కాంక్రీటు స్తంభం లేపించాను. ఒకసారి సరిచేస్తే అది ఏళ్ళ తరబడి కదలకూడదు.

రెండేళ్ళుగా కదులుతోంది. చుక్కలు చుక్కల్లా పడక గీతల్లా పడుతున్నాయి. బోల్టులు మార్చాను, మోటారు మార్చాను. సరిచేసిన ప్రతిసారీ మళ్ళీ ఒరుగుతోంది, అదీ గని వైపుకే. ఈ వేసవిలో ఇంకా జోరందుకుంది. స్తంభం కింది బండే జారుతోంది. బండతో పాటు ఇల్లూ జారుతోంది.

గోడల్లో బీటలు లేవా అంటారు. ఉన్నాయి. మా ఇళ్ళల్లో క్రిస్మస్‌కు ముందు బీటలకు సిమెంటు పూసి సున్నం కొట్టించడం ఆనవాయితీ. ఏ ఏడాది బీటను ఆ ఏడాదే కప్పేశాం. అది పెరుగుతోందని ఎవరికీ తెలియకపోయింది.

తమ్ముడికి ఫోటోలన్నీ వరసగా పరిచి చూపించాను. “చుక్కల్ని చూసి ఇల్లు ఖాళీ చేసేటోళ్ళు యాడన్నా ఉండారా? ఇల్లు గుండ్రాయి మాదిరి ఉండాది పో” అని నవ్వాడు. ఇల్లు వదిలితే గని వల్లే వదిలాడంటారని, లీజు పోతుందని వాడి భయం. ఆ భయానికి పెళ్ళాన్నీ బిడ్డనూ తాకట్టు పెట్టాడు. ఈ మాటకు వాణ్ణి నేను క్షమించలేదు.

2. కడప రోడ్డులోని నా ఇంటి స్థలం సర్వహక్కులతో యేసుప్రసాద్‌కే చెందాలి. అక్కడ ఇల్లు కట్టుకునేంతవరకు వాళ్ళు ఉండడానికి కమలాపురంలో ఇల్లు అద్దెకు తీసుకున్నాను. తాళంచెవి నా స్నేహితుడు ఓబులేసు దగ్గరుంది. దానికి నా చావు దాకా ఆగనక్కరలేదు. పెద్ద వానలు పడకముందే పోండి.

3. టెలిస్కోపు, కెమెరా, ఫోటోలు యావత్తూ తమ్ముడి కూతురు క్రిస్టినాకు. ఆమె పడమటి కొండల మీద ఎక్కడైనా పెట్టుకోవచ్చు, ఈ మిద్దె మీద మాత్రం పెట్టకూడదు. అమ్మా, కన్యారాశి వైపు నువ్వు మొదలుపెట్టిన గెలాక్సీ ఇంకా సగమే వచ్చింది. తొందరపడొద్దు, అది ఎక్కడికీ పోదు.

4. నేను మిద్దె ఎక్కిన ప్రతి సాయంత్రం, అడగకుండానే తన వాకిట్లో లైటు ఆర్పేసిన ఎదురింటి హంపమ్మకు నా ఉన్ని శాలువా. చీకట్లో గడప తట్టుకుని పడి కూడా ఆమె నన్నొక మాట అనలేదు.

5. గని బాగా నడవాలని చర్చిలో కృతజ్ఞతా కూడిక పెట్టించి, నా మాట చెవిన వేసుకోని సంఘపెద్దలకు ఏమీ లేదు.

6. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత ఓబులేసుది. ఓబులేసూ, ఈ చివరి సంగతి నీకే.

తమ్ముడి కుటుంబాన్ని బలవంతంగా పడమటి గదిలోకి మార్చి, గని పక్క గదిలో నేను పడుకుంటున్నాను. వాళ్ళు కదిలిన రోజే నేనూ కదులుతాను. బిడ్డను అక్కడ వదిలి నేనొక్కణ్ణే ఎలా పోను? నాకూ భయంగానే ఉంది. మొన్న చినుకులకే మంచం కింద బండలు కిర్రుమన్నాయి.

నేనూ ఆ గదీ గనిలోకి పోతే, నా శవం కోసం ఎవరూ దిగకూడదు. ఒకసారి జారిన చరియ మళ్ళీ జారుతుంది. ఖాళీ పెట్టె పూడ్చి ప్రార్థన చేసుకోండి, చాలు. అందరూ వింటారు, యేసుప్రసాద్ వినడు. చిన్నప్పుడు నేను బావిలో పడితే, ఈత రాకపోయినా నా వెనకే దూకినవాడు వాడు. ఇప్పుడూ దూకుతాడు. వాణ్ణి గట్టిగా పట్టుకో. తిడితే తిట్టించుకో, కొడితే కొట్టించుకో, వదలొద్దు. స్థలమూ కెమెరా ఎవరైనా పంచుతారు. నీకు నేను అప్పగిస్తున్నది వాణ్ణే.

చదువుకుని, సమ్మతించి, సాక్షుల ఎదుట చేసిన సంతకం.

తేదీ: 9 ఆగస్టు 2025

(సం.) ప్రేమయ్య గాబ్రియేలు

సాక్షులు:
1. పాస్టర్ ఏసుకుమార్
2. రంగన్న, తాపీ మేస్త్రీ