హెడ్డాఫీసు పక్క ఊరికి పోతుందట

నా తమ్ముడికీ, మునిసిపల్ చైర్మన్ గారికీ, ఇద్దరికీ అక్క రాయిస్తున్నది. ఇద్దరిలో ముందు ఎవరు చదివితే వారు రెండోవారికి వినిపించండి.

నన్ను వీధంతా మిషనమ్మ అంటారు. వయసు డెబ్బై నాలుగో, ఆరో. ఇంట్లో ఉండేది నేనూ, ఒక కుట్టు మిషనూ. నీ ఇల్లు పై వీధిలో ఉంది గనుక నిన్ను ఈ లెక్కలో కలపడం లేదు. పాత బస్సు డిపో గోడవారన ఉన్న కొట్ల వరసలో చివరిది నాది. చిరిగినవి కుడతాను, పొట్టివి పొడుగు చేస్తాను, ఒళ్ళు చేసినవాళ్ళకి వదులు చేస్తాను. ఏటా పన్ను కడతాను. నాకు చదువు రాదు. మందుల షాపాయన రాస్తున్నాడు. చెప్పింది చెప్పినట్టు రాయాలని ఒట్టు వేయించుకున్నాను.

నిన్న టౌన్ హాల్లో కంపెనీవాళ్ళు తెర మీద బొమ్మ చూపించినప్పుడు నేనూ వెనక బెంచీ మీద ఉన్నాను. డిపో స్థలంలో అద్దాల మేడ. అది వాళ్ళ కొత్త హెడ్డాఫీసట. మా కొట్లున్న చోట పచ్చగడ్డి వేశారు. ఆ గడ్డి మీద ఎవరో ఆడమనిషి కుక్కని తిప్పుతోంది. సరిగ్గా నా మిషను ఉన్న చోట తిప్పుతోంది. తర్వాత టై కట్టుకున్నాయన లేచి, ఇరవయ్యేళ్ళు పన్ను లేకుండా చేస్తేనే కడతాం, లేదంటే పక్క ఊరికి వెళ్ళిపోతాం అన్నాడు. ఆ లోటు పూడ్చడానికి మా కొట్ల పన్ను రెండింతలు చేస్తారని చైర్మన్ కుర్చీలోంచి నువ్వే చదివావు. గొంతు తగ్గించి చదివావు. అయినా వినబడింది.

బయట వాన. నువ్వు ఆ టై ఆయనకి గొడుగు పట్టి కారు దాకా నడిచావు. నీ వీపంతా తడిసిపోయింది. నేను మెట్ల దగ్గర నిలబడ్డాను. ఆయన నన్ను చూసి "ఈవిడెవరు?" అన్నాడు. నువ్వేమన్నావో గుర్తుందా? "మా ఊళ్ళో బట్టలు కుడుతుంటుంది లెండి" అన్నావు.

అబద్ధమేమీ కాదు. కుడుతుంటాను. అమ్మ పోయాక నిన్ను ఈ మిషను పక్కనే పడుకోబెట్టి కుట్టేదాన్ని. చప్పుడు ఆగితే లేచి ఏడ్చేవాడివి. ఈ మాట నేను సభలో చెప్పను, నీ పరువు పోతే నాదీ పోయినట్టే. కోపం వచ్చినా బాగుండేది, తెల్లారేసరికి దిగిపోయేది. వచ్చింది అలసట. ఇంకా దిగలేదు.

అందుకని నా దరఖాస్తు ఇది. ఆ కంపెనీకి ఎన్నాళ్ళు పన్ను తీసేస్తే మిషనమ్మకీ అన్నాళ్ళు తీసేయాలి. నాదీ హెడ్డాఫీసే, ఇంకెక్కడా బ్రాంచీలు లేవు. ఎన్ని ఉద్యోగాలిస్తావని అడుగుతారేమో, ఒకటి. అది నాది. శుక్రవారం మీ ఓటింగులో నాకు కాదంటే నేనూ పక్క ఊరికి వెళ్ళిపోతాను. గుండీలమ్మే నా స్నేహితురాలు ఎప్పటినుంచో పిలుస్తోంది.

"ఈ బెదిరింపు ముక్క తీసేద్దామమ్మా" అంటున్నాడు మందుల షాపాయన. "నీ మందులకి గడువుంటుంది గానీ నా మాటకి లేదు, రాయి" అన్నాను.

ఇది మిషనమ్మ వేలిముద్ర.
సాక్షులు: మందుల షాపాయన. పక్క కొట్లో తాళాలు బాగుచేసేవాడు (వాడి ప్యాంటు నా దగ్గరుంది గనుక పెట్టాడు).

*

తమ్ముడూ,

పక్క ఊళ్ళో గుండీల కొట్టు అరుగు మీదనుంచి మిషనమ్మ రాయిస్తున్నది. ఇంట్లో ఇప్పుడు నేనూ, మిషనూ, స్నేహితురాలూ, దాని గురకా.

శుక్రవారం కంపెనీకి పన్ను తీసేయడానికి అందరికంటే ముందు నీ చెయ్యే లేచిందని తాళాలవాడు చెప్పాడు. ఆ సాయంత్రం నువ్వు కొట్టుకి వచ్చావు. చెప్పులు విప్పి లోపలికి వచ్చావు, చిన్నప్పటిలాగే.

"అక్కా, నీ పన్ను నేను కట్టేస్తాను. ఎవరికీ తెలియదు."

"తాళాలవాడిది ఎవరు కడతార్రా?"

"అందరి సంగతీ నేనెక్కడ చూడనక్కా?"

"అందరి సంగతీ చూస్తాననే కదుట్రా ఓట్లడిగావు?"

"వాళ్ళు వెళ్ళిపోతే ఊరంతా నన్నే తిడుతుంది. నిద్రపట్టడం లేదు, తెలుసా?"

తెలుసు. నీ మొహం చూస్తే తెలుస్తూనే ఉంది. అయినా అడిగాను, "మరి నేను వెళ్ళిపోతేనో?" అని.

"ఊరుకో అక్కా, నువ్వెక్కడికి పోతావు!"

ఆ మాటకే మర్నాడు మిషను వ్యానెక్కించాను.

ఇప్పుడు అసలు సంగతి విను. నిన్న ఈ ఊరి పన్నుల గుమాస్తా చిరిగిన జేబు కుట్టించుకోవడానికి వచ్చి, లుంగీతో అరుగు మీద కూర్చున్నాడు. "మీ ఊరికి పెద్ద కంపెనీ హెడ్డాఫీసు వస్తుందటగా?" అన్నాను. "ఏ కంపెనీ పెద్దమ్మా?" అన్నాడు. పేరు చెప్పాను. ఎరగనన్నాడు. నాకు నమ్మకం కలగక, జేబు కుట్టి ఇచ్చి ఆయన వెంటే ఆఫీసుకి వెళ్ళాను. చైర్మన్ గదిలోకే తీసుకెళ్ళాడు. "ఎవరమ్మా నువ్వు?" అని ఆయన అడిగితే, ఫలానా ఊరి చైర్మన్‌కి అక్కనని చెప్పాను. లేచి కుర్చీ వేశాడు. సంగతంతా విని, "మా దగ్గరికి ఎవరూ రాలేదమ్మా, వస్తే కాదంటామా?" అని నవ్వబోయి, సగంలో ఆపేసి కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు.

వచ్చే సోమవారం ఒప్పందం మీద నీ సంతకం పడుతుందని పేపర్లో వచ్చిందట. పెట్టొద్దని చెప్పను. చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. నువ్వు పెట్టినా మానినా ఈ మిషను మాత్రం మళ్ళీ వ్యానెక్కదు, నాకంత ఓపిక లేదు. నన్ను చూడాలనిపిస్తే బస్సులో అరగంట. ఖాళీ చేతులతోనే రా.

ఈ ఉత్తరం గుమాస్తా రాశాడు. సంతకం పెట్టమంటే ముందు ఉద్యోగం పోతుందని నసిగాడు. "అబద్ధమైతే పెట్టకు నాయనా" అన్నాను. పెట్టాడు.

ఇది మిషనమ్మ వేలిముద్ర.

సాక్షి: ఈ ఊరి పన్నుల గుమాస్తా. పై కంపెనీవారు మా ఆఫీసుకి రాలేదు, ఉత్తరం రాయలేదు, ఫోను చేయలేదు.

సాక్షి: ఈ ఊరి చైర్మన్, స్వహస్తంతో. అయ్యా, పైన రాసింది నిజం. మా దగ్గరికి ఇంకో కంపెనీ వస్తూపోతూ ఉంది. పదిహేనేళ్ళు పన్ను తీసేయకపోతే హెడ్డాఫీసు మీ ఊళ్ళో కట్టుకుంటామంటున్నారు, మీరు ఒప్పేసుకున్నారని కూడా చెబుతున్నారు. బుధవారం మా ఓటింగు. వాళ్ళు మిమ్మల్ని ఎప్పుడైనా కలిశారా? ఒక్క ముక్క తెలియజేయగలరు.