కొవ్వు గోలి

2011 ఫిబ్రవరి 7, సోమవారం
మా ఆయనకు గుండెపోటు వచ్చి, స్టెంట్ వేసి ఇవాళ్టికి పదిహేను రోజులు. కరీంనగర్ డాక్టరు రాసిన మందుల్లో కొవ్వు తగ్గించే గోలి జీవితాంతం మానకూడదట. ఈయన బొగ్గుబాయి షిఫ్టు తప్ప ఏదీ గుర్తుపెట్టుకునే మనిషి కాదు. ఇక నేనే రోజూ చేతిలో పెట్టాలి.

మార్చి 29
వారం రోజులుగా అన్నం సయించడం లేదంటున్నారు. చేపల కూర వాసనకే లేచి బయటికి వెళ్లారు. ఆ గోలితోనే గిట్లయితాంది సుగుణా, పాణమంత గుంజుతాంది అన్నారు. డ్యూటీకి పోవడానికి బద్ధకం అన్నాను.

ఏప్రిల్ 10
దిండు కింద నాలుగు గోలీలు దొరికాయి. బడిలో పిల్లలను తిట్టినట్టే తిట్టాను. ఇవాళ నా ముందే మింగించి, నోరు తెరిచి చూపించమన్నాను. చూపించారు.

ఏప్రిల్ 24, ఈస్టర్
చర్చి మెట్ల మీద ఎండలో చూశాను. ఆయన కళ్లు పసుపు. మంచిర్యాల నుంచి వచ్చిన మా అమ్మాయి ఎవాంజెలిన్ కూడా చూసింది. మూత్రం డికాక్షన్ రంగులో వస్తోందట, పది రోజులుగా. ఎందుకు చెప్పలేదని అడిగితే, నువ్వు నమ్ముతవా అన్నారు.

ఏప్రిల్ 26
రక్తపరీక్షలో లివర్ ఎంజైమ్ నలభై లోపు ఉండాలట. ఆయనకు పన్నెండు వందలుంది. కామెర్ల వైరస్సులేవీ లేవు. కొవ్వు గోలి వెంటనే ఆపించారు. లక్షల మంది వాడతారు, ఇంతగా దెబ్బతినడం చాలా అరుదు అన్నారు డాక్టరు. అన్నం సయించనప్పుడే తీసుకురావలసిందమ్మా అని కూడా అన్నారు, మెల్లగానే.
మా ఇంటామె పోదామనే అన్నది సార్, నేనే ఇనలే అన్నారు ఈయన. అబద్ధం. నా వైపు చూడకుండా చెప్పారు.

మే 19
దురద. ఒళ్లంతా గీరుకున్న చారలు. తడిబట్టతో తుడుస్తుంటే, నీ చేతులు నొస్తయి, ఇగ బంజెయ్యి అంటారు. ఒక్కసారి నన్ను తిట్టినా బాగుండేది.

ఆగస్టు 22
లివర్ పూర్తిగా నార్మల్. కానీ గుండెను అట్లా వదిలేయలేమని డాక్టరు వేరే రకం కొవ్వు గోలి రాశారు, చిన్న డోసు. రెండు వారాలకోసారి రక్తపరీక్ష చేద్దాం, భయపడకండి అన్నారు.
ఇంటికొచ్చాక ఆయన చెయ్యి చాపారు. ఏసుకొమ్మంటె ఏసుకుంట, నువ్వు జెప్పు అన్నారు.
నేను గోలీల పట్టీ తీసి, మళ్లీ మందుల సంచిలోనే పెట్టాను. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

ఆగస్టు 23
వేసుకోమనీ వద్దనీ ఇవాళా చెప్పలేదు.

సెప్టెంబరు 20
తెలంగాణ కోసం సమ్మె. బొగ్గుబాయిలన్నీ బందు. ఆయన పొద్దున్నే తయారై సమ్మె టెంట్ దగ్గరికి వెళ్తున్నారు. ముఖం తేటపడింది. రెండు ముద్దలు ఎక్కువే తింటున్నారు. గోలి సంగతి ఇద్దరం ఎత్తడం లేదు. డాక్టరుకు ఫోన్ చేయాలి. రేపు చేస్తాను.

అక్టోబరు 11
టెంట్‌లో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఒరిగిపోయారట. ఆయనతో పనిచేసే ముత్యం ఆటోలో దవాఖానకు తీసుకెళ్లాడు. నేను ఉరుక్కుంటూ వెళ్లేసరికి గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. దారిలనే పోయిండు వదినా అన్నాడు. మళ్లీ గుండెపోటే.

నవంబరు 2
నాన్న కొత్త గోలి ఏసుకున్నడా అమ్మా అని ఎవాంజెలిన్ అడిగింది. రోజూ ఏసుకున్నరు బిడ్డా అన్నాను. అది స్నానానికి వెళ్లాక గోలీలన్నీ ఒక్కొక్కటిగా నొక్కి తీసి మోరీలో, మురుగునీళ్లలో పారేశాను. ఖాళీ పట్టీని దవాఖాన ఫైల్లో పెట్టాను.