పూజగంటకు వచ్చే కుక్కపిల్ల

భవానీపురం

అమ్మా, ఇక్కడ అందరం కులాసాగానే ఉన్నాం, కంగారుపడకు. ఫోన్లో నీకు సరిగా వినపడదని కార్డు రాస్తున్నాను. మా అనఘ తెచ్చిన కుక్కపిల్లకి పిలిస్తే రావడం నేర్పాలని, అన్నం పెట్టే ముందు గంట కొట్టడం అలవాటు చేశాను. ఇంట్లో ఉన్నది దేవుడి గంట ఒక్కటే! ఇప్పుడు హారతికి గంట కొడితే చాలు, పరుగున పూజగదిలోకొచ్చి నైవేద్యం ముందు కూర్చుంటోంది. వచ్చే శుక్రవారం మా అత్తగారొస్తున్నారు. ఆవిడ మడి నీకు తెలుసుగా, పైగా ఆ గంట ఆవిడ పుట్టింటిది. మన అటక మీద ఎద్దు మెడకు కట్టే గంట ఉండాలి, వెంటనే నాన్నగారితో పంపించు, కుక్కపిల్ల అలవాటు దానికి మారుస్తాను. కందిపొడి కూడా పంపు. నీ మోకాళ్ళెలా ఉన్నాయి? నాన్నగారికి నమస్కారాలు.

నీ రమ

మూడు రోజులుగా గంట కొట్టకుండానే హారతిస్తున్నానమ్మా. ఇవాళ కర్పూరం వాసనకే వచ్చి కూర్చుంది.