నూలు గదిలో హాస్టలు

జనవరి 18, సోమవారం

పవిత్రకు కడపలో ఇంజనీరింగ్ సీటు వచ్చింది. నా మనవరాలు. ఈ ఇంట్లో ఎమ్మిగనూరు దాటి చదువుకోబోతున్న మొదటి మనిషి.

కాలేజీ వాళ్ల సందేశం: తరగతులు ప్రస్తుతానికి ఫోన్‌లోనే. హాస్టలు తెరిచేది కరోనా పరిస్థితిని బట్టి తర్వాత తెలియజేస్తారట. ప్రస్తుతానికి, పరిస్థితిని బట్టి, తర్వాత. నేను హెడ్మిస్ట్రెస్‌గా ఉండగా ఏ పిల్లయినా ఇలాంటి వాక్యం రాసి ఉంటే ఎర్ర సిరాతో కొట్టేసేదాన్ని.

నా కొడుకు నాగార్జున మగ్గం దిగకుండానే తీర్పు చెప్పాడు. "ఈ రోగం కాలంలో ఊరు కాని ఊరికి యాడ పంపేదమ్మా? లోటా నీళ్లు ముంచుకునేకి కూడా అమ్మను పిల్సే బిడ్డ. ఈడనే డిగ్రీలో సేరిస్తే పొద్దుగూకేలోపల ఇంట్లో ఉంటాది."

పవిత్ర గుమ్మంలో నిలబడి వింటోంది. ఆ ముఖం చూశాక తెలిసింది, కడప వెళ్లాలని ఎంతగా అనుకుంటోందో.

బేరం కుదిర్చాను. హాస్టలు తెరిచేనాటికి పిల్ల తన పనులు తాను చేసుకోగలదని నేను చెబితే పంపుతాడు. చెప్పలేకపోతే ఊళ్లో డిగ్రీ.

కనుక నిర్ణయం: రేపటి నుంచి ఈ ఇల్లే హాస్టలు. నూలు చిలపలు, ఆ కట్టలన్నీ, పెట్టుకునే గది ఖాళీ చేయించాను. అది ఆమె రూము. ఇకపై నేను జేజిని కాను, వార్డెన్‌ని. "మేడమ్" అని పిలవాలి.

నియమాలు:
1. ఐదున్నరకు గంట. గంట తర్వాత ఎవరూ లేపరు.
2. ఆమె పళ్లెం, ఆమె బట్టలు ఆమే కడుక్కోవాలి, ఉతుక్కోవాలి.
3. తల్లి వడ్డించరాదు. తల్లి జడ వేయరాదు.
4. మగ్గం దగ్గరికి రాకూడదు. ఏ హాస్టల్లోనూ మగ్గం ఉండదు.
5. ఆదివారం సాయంత్రం మాత్రమే తల్లిదండ్రులు వచ్చి చూడవచ్చు.

ఇరవై తొమ్మిదేళ్లు ఎనిమిది వందల మంది పిల్లలను దారిలో పెట్టినదాన్ని. ఒక్క పిల్ల ఎంత?

జనవరి 19

గంట లేదు. స్టీలు తట్టను గరిటెతో కొట్టాను. లేచినవారు: నాగార్జున, కోడలు శివలీల, పక్కింటి చౌడప్ప. చౌడప్ప గోడ మీదుగా తొంగి చూసి, "ఏం టీచరమ్మా, దొంగలు పడినారా?" అని అడిగాడు. లేవనిది: పవిత్ర.

మొదటి రోజు. ఇలాగే ఉంటుంది.

మిగతాదంతా బాగుంది. పళ్లెం తానే కడిగింది. జడ తానే వేసుకుంది. వంకరగా ఉంది కానీ జడే. నన్ను మాత్రం "జేజీ" అనే పిలుస్తోంది. హెచ్చరించాను. "సరే జేజీ" అంది.

జనవరి 21

హాస్టల్లో తిండి రుచిగా ఉండదు. దానికీ ఇప్పటి నుంచే అలవాటు పడాలి. ఉప్మా ఉప్పులేకుండా, ముద్దగా చేయమని శివలీలకు చెప్పాను. రెండుసార్లు ప్రయత్నించింది. "చెయ్యి పోవడం లేదత్తా" అని గరిటె నాకిచ్చేసింది. నేనే చేశాను. నేను కష్టపడకుండానే అచ్చం హాస్టలు ఉప్మా వచ్చింది. పవిత్ర మారుమాట లేకుండా తినేసింది. నాగార్జున మగ్గం గదిలో తలుపు వేసుకుని జొన్నరొట్టె తిన్నాడట. అతను హాస్టలు విద్యార్థి కాడు కాబట్టి వదిలేశాను.

క్లాసు జరిగేటప్పుడు మగ్గం ఆపమన్నాను. ఆపాడు. కానీ క్లాసు అయ్యేదాకా గుమ్మంలో కూర్చుని కూతురి మెడ వెనక నుంచి ఫోన్‌లోకి చూస్తున్నాడు. మగ్గమే నయం.

జనవరి 24, ఆదివారం

మొదటి సందర్శన దినం. సాయంత్రం నాలుగింటికి నాగార్జున చొక్కా మార్చుకోకుండా నేరుగా నూలు గదిలోకి వెళ్లబోయాడు. ఆపి, వార్డెన్ అనుమతి అడగమన్నాను.

"నా ఇంట్లో నా బిడ్డను సూసేకి నీకు దరఖాస్తు పెట్టుకోవల్లనా?"

"కడపలో అయితే పెట్టుకుంటావు కదా."

"అందుకే వద్దంటాండా కడప" అన్నాడు.

ఈ సమాధానం నేను ఊహించలేదు. అనుమతి ఇచ్చాను. శివలీల బొరుగుల ఉగ్గాని తెచ్చింది, బయటి నుంచి వచ్చిన తల్లి తెచ్చినట్టు. నియమాల్లో బయటి తిండి గురించి ఏమీ రాయలేదు. నా పొరపాటే. ఉగ్గాని బాగుంది.

జనవరి 28

నియమం 4 తాత్కాలికంగా నిలిపివేత.

కారణం ఉంది. మగ్గం మీది పాత పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోయింది. కొత్త పడుగు వచ్చింది. దాని ప్రతి పోగునూ పాత పోగు కొసకు మెలివేసి అతకాలి. రెండువేల పైచిలుకు పోగులు. ఎప్పుడూ గురమ్మ వచ్చి అతుకుతుంది. ఆమె ఇంట్లో కోడలికి పాజిటివ్. వీధి చివర దారికి అడ్డంగా కర్రలు కట్టేశారు. శివలీల ఒక్కతే కూర్చుంటే వారం పడుతుంది. అన్నాళ్లూ మగ్గం పండుకుంటుంది.

పవిత్ర చెవిలో క్లాసు పెట్టుకుని, వేళ్లకు బూడిద అద్దుకుని తల్లి పక్కన కూర్చుంది. పర్యవేక్షణ కోసం నేనూ కూర్చున్నాను. కూర్చున్నాక చేతులు ఊరికే ఉండవు కదా.

క్లాసు అయిపోయాక అడిగింది. "జేజీ, ఆడ అందురూ టౌన్ల నుంచి వచ్చినోళ్లే ఉంటారంట. నాతో మాట్లాడతారంటావా?"

"ఎందుకు మాట్లాడరు?"

"నువ్వు హాస్టల్లో ఉన్నప్పుడు మాట్లాడినారా?"

నేను ఏ హాస్టల్లోనూ ఉండలేదు. ఇంట్లో ఉండే చదివాను. టీచర్ ట్రైనింగు కూడా ఊళ్లోనే. హాస్టల్ అంటే ఇనస్పెక్షన్‌కు వెళ్లి, వంటగది చూసి, సంతకం పెట్టి వచ్చిన చోటు. ఆ సంగతి చెప్పాను. శివలీల తల వంచుకుని పోగులు అతుకుతోంది. నవ్వుతోందో లేదో తెలియలేదు.

పవిత్ర నవ్వలేదు. "అయితే మనిద్దురికీ తెలియదు" అంది.

ఫిబ్రవరి 3

పిల్లకు జలుబు. గొంతు నొప్పి. కరోనా పరీక్షకు నమూనా ఇచ్చి వచ్చారు. నియమాలన్నీ రద్దు. ఎంత పెద్ద హాస్టల్లోనైనా జబ్బు చేస్తే మినహాయింపు ఉంటుంది.

మిరియాల కషాయం నేనే పెట్టాను. పళ్లెం నేనే కడిగాను. జడ వేశాను. నియమం 3లో తల్లి వేయరాదని మాత్రమే ఉంది.

సాయంత్రానికి ఫలితం నెగెటివ్ అని వచ్చింది. నాగార్జున ఊపిరి పీల్చుకున్నాడు. తర్వాత నన్నే చూస్తూ, "ఆడ అయితే ఈ కషాయం ఎవురు పెడతారమ్మా?" అన్నాడు. వార్డెన్లు కషాయం పెట్టరు.

గంట కొట్టడం ఇంకా మొదలు పెట్టలేదు. జలుబు పూర్తిగా తగ్గాలి.

ఫిబ్రవరి 6, శనివారం

సందేశం వచ్చింది. గురువారం, పదకొండో తేదీన హాస్టలు తెరుస్తారు. దూరం పాటించాలని సగం మంచాలే ఇస్తారు. ముందు వచ్చినవారికి ముందు.

పవిత్ర ఇల్లంతా తిరిగింది. నాగార్జున చాలాసేపు మగ్గం మీద ఊరికే కూర్చున్నాడు. చివరికి దిగి వచ్చి, మాటంటే మాటేనన్నాడు. గురువారం అమావాస్య, ఆ పొద్దు ఎట్లాగూ మగ్గం ఆడదు కాబట్టి తానే తీసుకుపోతానన్నాడు. మా నేతగాళ్ల ఇళ్లలో నెలకు ఒకటే సెలవు, అమావాస్య.

నేను, "అమావాస్య నాడు ప్రయాణమేమిటి? శుక్రవారం వెళ్లండి" అన్నాను.

ముగ్గురూ నన్నే చూశారు.

శివలీల మెల్లగా అంది. "అత్తా, అమావాస్య పొద్దు మీరు పిల్లోళ్లను తోలుకొని మహానందికి పోయొస్తిరి కదా. మూఢనమ్మకాలు పోవల్లని."

అది పిల్లల యాత్ర. ఇది వేరు. పెద్దల మనసు కూడా చూడాలి కదా అన్నాను. ఈ ఇంట్లో నాకంటే పెద్దవాళ్లు ఎవరూ లేరు.

నాగార్జున "సరే" అన్నాడు. వెంటనే అన్నాడు. శుక్రవారమే.

ఫిబ్రవరి 12, శుక్రవారం

కర్నూలు మీదుగా కడప. నేనూ వెళ్లాను. మధ్యాహ్నానికి చేరాం. మంచాలు నిన్న సాయంత్రానికే అయిపోయాయి. ఆఖరి మంచం రాయచోటి పిల్లకు దొరికిందట. హాస్టలు వార్డెన్ మాస్కు వెనక నుంచి చాలా మర్యాదగా చెప్పింది. నంబరు రాసి పెట్టి వెళ్లండి, ఎవరైనా మానుకుంటే పిలుస్తాం.

అదే దారిన వెనక్కి. నంద్యాల బస్టాండులో టీ తాగుతూ నాగార్జున, "దేవుడే వద్దన్నాడు. ఈడనే సేరిపిద్దాం" అన్నాడు.

బస్సు కదిలాక పవిత్ర నా వైపు తిరిగి, "నీళ్లు కావల్లనా, మేడమ్?" అని అడిగింది.

నంద్యాల నుంచి ఇల్లు చేరేదాకా మేడమే. ఇంటికొచ్చాక కూడా.

ఫిబ్రవరి 15

నాగార్జునతో మాట్లాడాలి. ఇవాళ తప్పకుండా.

ఉదయం: మగ్గం చప్పుడులో మాట వినిపించదు. మధ్యాహ్నం: అన్నం తినేటప్పుడు ఇలాంటి మాటలు ఎందుకు? సాయంత్రం: అలసిపోయి ఉన్నాడు. ఊళ్లో డిగ్రీ కాలేజీకి ఎల్లుండి వెళ్లి విచారిస్తానంటున్నాడు.

రేపు మాట్లాడతాను.

ఫిబ్రవరి 16

రథసప్తమి దగ్గర పడిందని ఇల్లు కడిగించాను. మాట్లాడడం కుదరలేదు.

ఫిబ్రవరి 17

మగ్గం గదిలోకి వెళ్లి అతను కాళ్లు దించుకునే గుంట అంచున కూర్చున్నాను. అటూ ఇటూ పోయే నాడె ఆపమన్నాను. ఆపాడు.

"దేవుడు వద్దనలేదురా. నేను వద్దన్నాను. అమావాస్య నా నోటి నుంచి వచ్చిన మాట."

నేసిన గుడ్డ మీద చెయ్యి పెట్టి నిమురుతూ ఉండిపోయాడు.

"నాకు తెలియదనుకుంటివా? నువ్వు ఆ మాట అంటానే నాకు ప్రాణం లేచొచ్చినట్లాయె. అందుకే సరే అంటి. ఇద్దురం కలిసే చేసినాం లేమ్మా."

డిగ్రీ కాలేజీకి వెళ్లనన్నాడు. ఇక చేయగలిగింది ఏమైనా ఉందా అని మేమిద్దరం ఆలోచిస్తున్నాం. శివలీల వచ్చి మాకు తెలియని సంగతి చెప్పింది. ఇంటికి వచ్చిన మర్నాటి నుంచి పవిత్ర కడప వార్డెనుకు రోజూ ఫోన్ చేస్తోందట. ఖాళీ ఉందా మేడమ్ అని. మేడెక్కి, సిగ్నలు కోసం. పొద్దున్నే. ఎవరూ లేపకుండా.

ఫిబ్రవరి 20, శనివారం

ఖాళీ వచ్చింది. ఒక పిల్ల మానుకుంది. రేపు సాయంత్రంలోగా రావాలి, లేకపోతే తర్వాతి నంబరుకు ఇచ్చేస్తారు.

రేపు మగ్గం మీది చీర కోసి ఇవ్వాల్సిన రోజు. చౌడప్ప వాళ్ల పెళ్లి చీర అది. నాగార్జున అది వదిలి వస్తానన్నాడు. నేను వెళతానన్నాను. మొన్న బస్సు దిగినప్పటి నుంచి నా మోకాళ్లు ఎలా ఉన్నాయో అందరికీ తెలుసు. శివలీల వెళితే వంట సంగతి మాట్లాడుకుంటున్నాం.

"నేనొక్కదాన్నే పోతా" అంది పవిత్ర. "కర్నూల్లో బస్సు మారల్ల. అంతే కదా."

నాగార్జున నా వైపు తిరిగి, "నీ మాట మీదనే పెట్టినాం కదమ్మా. సెప్పు" అన్నాడు.

నా నియమాల ప్రకారం ఆమె ఫలితాలు: గంటకు లేవడం, ఒక్కరోజూ లేదు. బట్టలు ఉతకడం, ఒక్క వారం. జడ, వంకర. వార్డెనును గౌరవించడం, శిక్షగా మాత్రమే. ఏ పాఠశాలలోనూ ఈ పిల్ల పాసు కాదు.

"పంపు" అన్నాను.

అందరికీ వినిపించింది.

ఫిబ్రవరి 21, ఆదివారం

బస్టాండుకు అందరం వెళ్లాం. చీర సగం పూట ఆగింది. చౌడప్ప కూడా వచ్చాడు. చీర అడగడానికి కాదులే అని ముందే చెప్పాడు. సంచిలో నేను పెట్టినవి నాలుగు, వద్దని ఆమె తీసి ఇచ్చినవి మూడు. మిరియాల పొట్లం ఉంచుకుంది.

బస్సెక్కే ముందు నా చెయ్యి పట్టుకుని, "పోయొస్తా జేజీ" అంది. ఆ పిలుపు విని తొమ్మిది రోజులైంది.

కర్నూల్లో మారానని ఫోన్. నంద్యాల దాటానని ఫోన్. చీకటి పడకముందే హాస్టలు. పక్క మంచం మా వైపు కోసిగి పిల్లదట. పేరు సుంకులమ్మ. వలస పోయిన తల్లిదండ్రులు బెంగుళూరు నుంచే బస్సెక్కించారట. ఇద్దరూ అప్పుడే మాట్లాడుకుంటున్నారు.

నాగార్జున ఫోన్ పెట్టేసి, "అయితే మన బిడ్డకు తోడుంది" అన్నాడు. తర్వాత ఎవరికీ తినబుద్ధి కాలేదు. శివలీల మాత్రం నలుగురికీ వండింది.

ఫిబ్రవరి 22, సోమవారం

ఇవాళ పవిత్రకు ఫోన్ చేసినవారు: శివలీల రెండుసార్లు. నాగార్జున ఒకసారి, వేలు తగిలి పోయిందట. నేను పాఠాలు అడగడానికి మాత్రమే. ఉదయం, మధ్యాహ్నం, నాలుగింటికి. నాలుగింటికి ఎత్తలేదు. ఐదింటికి ఆమే చేసింది.

"జేజీ, క్లాసులో ఉంటే ఫోను గుయ్‌గుయ్ అంటాంటాది. నేను ఈడ ఉండేది నేర్సుకుంటాండా. మీరు నేను లేకుండా ఉండేది నేర్సుకోరాదా?"

కోపంగా అనలేదు. నేను మా బడి పిల్లలకు చెప్పినట్టు, నెమ్మదిగా, విడమరిచి చెప్పింది.

న్యాయమే. కనుక నిర్ణయం. కొత్త నియమాలు, విద్యార్థులు ముగ్గురు: నేను, నా కొడుకు, నా కోడలు.

1. రోజుకు ఒకే ఫోన్. రాత్రి ఎనిమిదికి. ముగ్గురూ కలిసి.
2. ఆమె ఎత్తకపోతే మళ్లీ చేయరాదు.
3. ముగ్గురికే వండాలి.
4. నూలు చిలపలు మళ్లీ ఆ గదిలో పెట్టాలి.

నాగార్జున, శివలీల విని తల ఊపారు. రేపటి నుంచి అమలు. రేపు మంగళవారం కదా అత్తా, ఏ పనీ మొదలు పెట్టరు, బుధవారం నుంచి చేద్దామా అని శివలీల అడిగింది. నాగార్జున అదీ నిజమే అన్నాడు.

నాకూ నిజమే అనిపించింది.

రేపే.