సూడి గొర్రెల వంకతో నన్ను మందకు దూరం చేసినందుకు

సూర్యాపేట జిల్లా ఆత్మకూర్ (ఎస్) మండలంలో గొర్రెలు కాసుకుని బతికే కొమరబోయిన యాదయ్య అనే నేను, తెలివి తప్పకుండా, ఎవరి బెదిరింపూ లేకుండా, మంచి కోపంలో ఉండి రాయిస్తున్న వీలునామా. కోపంలో ఉన్నవాడికి మతి ఉండదని నా కొడుకు గోవర్ధన్ రేపు కోర్టులో అనవచ్చు. అందుకే నా మతి సరిగ్గానే ఉందని డాక్టరుతో కాగితం రాయించి దీనికి జత చేశాను.

నాకు ప్రొస్టేట్ క్యాన్సర్. ఎముకలకు పాకింది. హైదరాబాద్ దవాఖానలో నరానికి ఒక మందు ఎక్కించారు. అది రక్తంలో తిరిగి, క్యాన్సర్ ఉన్న చోటును పట్టుకుని, తనలోని రేడియేషన్‌తో కాలుస్తుంది. ఆ రేడియేషన్ కొన్నాళ్లు ఒంట్లో ఉంటుంది కనుక పిల్లలకూ కడుపుతో ఉన్నవాళ్లకూ అన్నాళ్లు దూరంగా ఉండమన్నారు. ఉన్నాను. గడువు తీరింది. తుంటి నొప్పి తగ్గి, నా కాళ్ల మీద నేనే మంద దగ్గరికి నడిచి వెళ్లాను. గోవర్ధన్ కర్ర అడ్డం పెట్టాడు.

“నాయినా, లోపలికి రాకు. సూడి గొర్లున్నయి” అన్నాడు.

కడుపుతో ఉన్నవాళ్లంటే గొర్రెలు కూడానట! వీడి తెలివి తెల్లారినట్టే ఉంది. మందలో సూడి గొర్రె లేని రోజు ఏ కాలంలోనైనా ఉంటుందా? తర్వాత కొన్ని గొర్రెలు నెలలు నిండకముందే ఈసుకుపోయాయి. అది మందకు అంటుకున్న రోగమని పశువుల డాక్టరు చెప్పినా వినలేదు, నా మీదే పెట్టాడు. రెండో మోతాదు ఎక్కించుకుంటే మంద ఖతమవుతుందని నన్ను హైదరాబాద్ పోనివ్వలేదు. గొర్రెది ప్రాణం, నాది కాదు.

కనుక నా కష్టార్జితాన్ని ఇట్లా పంచుతున్నాను.

1. ఆడ గొర్రెలన్నీ మిర్యాలగూడలో ఉండే నా బిడ్డ ప్రవళికకు. సంగతి తెలిసి వచ్చి, నా పక్కన కూర్చుని అన్నం తిన్నది ఆమె ఒక్కతే.

2. పొట్టేళ్లన్నీ గోవర్ధన్‌కు. వాటికి కడుపు పోతుందన్న భయం లేదు, నిశ్చింతగా మేపుకోవచ్చు.

3. ఇల్లూ, నా గొంగడీ నా భార్య బుచ్చమ్మకు. కొడుకు మాట విని, గడువు తీరాక కూడా అన్నం గిన్నె గడప దగ్గరే పెట్టిపోయింది. కోపం లేదని అబద్ధం రాయించను. అయినా చలికి దాని మోకాళ్లు పట్టేస్తాయి. గొంగడి మడిచి దాచొద్దు, కప్పుకోవాలి.

4. మందు ఒంట్లో ఉండగా పోతే డాక్టరు చెప్పినట్టే నన్ను సాగనంపండి. గడువు దాటాక పోతే మాత్రం గ్లౌజులు తొడగడానికి వీల్లేదు. ఉత్త చేతులతో స్నానం చేయించాలి. భయపడేవాడు దూరంగా నిలబడాలి, కొడుకైనా సరే.

5. ఇవన్నీ జరిపించే బాధ్యత కోదాడలో ఉండే నా బామ్మర్ది సాయిబాబుది. అతను తొందరపడనక్కర్లేదు. రేపు ప్రవళికతో రెండో మోతాదుకు పోతున్నాను. చచ్చేదాకా మంద నాదే.

ఆత్మకూర్ (ఎస్), 18-11-2025
సంతకం: కొమరబోయిన యాదయ్య

సాక్షులు:
1. గేమ్యా, పక్క తండా.
2. పుష్పాబాయి, గేమ్యా భార్య, నిండు నెలల మనిషి. నా గడువు తీరిందా అని డాక్టరును ఫోన్‌లో తానే అడిగి తెలుసుకుని, నా మంచం మీద నా పక్కనే కూర్చుని సంతకం పెట్టింది.