ఇద్దరు రోగులు, ఒక్క మూత్రాశయం

న్యూఢిల్లీ,
11 ఆగస్టు 2006.

శ్రీయుత సదాశివరావు గారు,
ఉప సంచాలకులు (పరిపాలన),
కేన్సరు పరిశోధన ఆసుపత్రి, న్యూఢిల్లీ వారి సముఖమునకు

విషయం: తమ పరిశోధన రిజిస్టరులోని నలభై ఒకటో నంబరు రోగి సాలొమోను, తమ ఓ.పి. రిజిస్టరులోని రోగి శ్రీరాములు ఒకే మనిషి అనియు, ఆ మనిషికి మూత్రంలో మళ్లీ రక్తం పడుతున్నదనియు, ఆలస్యం చేయక మత్తు ఇచ్చి లోపలి ముక్క తీసి పరీక్షించవలసినదనియు కోరుట గురించి.

అయ్యా,

పై విషయమై మనవి చేసుకొనునది ఏమనగా, నేను ఒక కేంద్ర మంత్రిత్వ శాఖలో, డిస్పాచి సెక్షన్లో, ఇరవై నాలుగేళ్లుగా గుమస్తాను. స్వస్థలం గుంటూరు జిల్లా రేపల్లె దగ్గర. నివాసం సరోజినీ నగర్ ప్రభుత్వ క్వార్టరు. ఇదే విషయమై ఇంగ్లీషులో రెండు అర్జీలు ఇచ్చి ఉన్నాను. రెండూ తమ బల్ల మీద టీ కప్పు కింద ఉండగా కళ్లారా చూశాను. తమకు సాసరు లేని లోటు నా వల్ల తీరినందుకు సంతోషం. ఈసారి తెలుగులో రాస్తున్నాను. ఉగాది సభలో తమరు మాతృభాష గురించి మైకు వదలకుండా నలభై నిమిషాలు మాట్లాడారు గనుక చదవడం వచ్చే ఉంటుందని అనుకుంటున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. ఇందులోని ఒక సంగతి తమ ఆఫీసులో మరెవరి కంటా పడకూడదు.

1. గత ఏడాది జనవరిలో నాకు నొప్పి లేకుండా మూత్రంలో రక్తం పడింది. వేడి చేసిందనుకుని వారం రోజులు సబ్జా నీళ్లు తాగాను. మా ఆవిడ జ్ఞానకుమారి వేరే ఆసుపత్రిలో ఇరవై ఆరేళ్లుగా స్టాఫ్ నర్సు. ఆమెకు ఎనిమిదో రోజున చెప్పాను. "నొప్పి లేకుండా పడిందంటేనే భయపడాలండీ, లెగండి ముందు," అని ఆటో ఎక్కించి తమ ఆసుపత్రికి తెచ్చింది. ఓ.పి. కౌంటరులో ఆఫీసు వారిచ్చిన హెల్త్ కార్డు చూపించాము. కార్డులో పేరు శ్రీరాములు. ఆ పేరు మీదే గొట్టం వేసి కెమెరాతో లోపల చూశారు, ఆ దారినే గడ్డను గీకి తీశారు. ఆ పని చేసిన డాక్టర్లకు నమస్కారం. ఈ అర్జీలో నమస్కారాలు అంతటితో సరి.

2. గడ్డ తీశాక వారానికోసారి చొప్పున ఆరు వారాలు మూత్రాశయంలోకి మందు ఎక్కించారు. పసిపిల్లలకు టీకాగా వేసే బీసీజీయే అది. రెండు గంటలు బిగబట్టుకుని పడుకోవాలి. మందు అన్ని వైపులా అంటుకోవాలని మా ఆవిడ పావుగంటకోసారి నన్ను అట్టు తిరగేసినట్టు తిప్పేది. అప్పుడే తమ పరిశోధనలో చేరమన్నారు. గొట్టం వేయకుండా, కేవలం మూత్రం పరీక్షించి, కేన్సరు తిరిగొచ్చిందో లేదో చెప్పవచ్చునా అని తేల్చడం ఆ పరిశోధన ఉద్దేశం. మూడు నెలలకోసారి కింది అంతస్తులో సీసా ఇవ్వాలి, పై అంతస్తులో గొట్టం వేయించుకోవాలి, రెండు ఫలితాలూ పక్కపక్కన పెట్టి చూస్తారు. ఒక్కసారి గొట్టం వేయించుకున్న మగవాడెవడూ ఆ పరిశోధనను కాదనడు. నేనూ ఒప్పుకున్నాను.

3. తప్పు జరిగింది ఆ పరిశోధన సమ్మతి పత్రం దగ్గర. మా వాళ్లలో ఆసుపత్రి కాగితం మీద సంతకం పెట్టే ముందు సంఘం పెద్ద వచ్చి, ఆ కాగితం మీద చెయ్యి ఉంచి, రోగి పేరు చెప్పి ప్రార్థన చేస్తారు. బాప్తిస్మం నాటి పేరే చెబుతారు. ప్రార్థన అయ్యాక నేను కలం తీసి శ్రీరాములు అని మొదలుపెట్టబోతే మా ఆవిడ చెయ్యి పట్టుకుంది. "ప్రాణం సంగతి ఇది. దేవుడికి తెలిసిన పేరు రాయండి," అంది. సాలొమోను అని రాశాను. ఆ రోజు నుంచీ తమ ఆసుపత్రిలో నా మూత్రం సాలొమోనుది, నా మూత్రాశయం శ్రీరాములుది.

4. రెండు పేర్లెందుకో తమకు తెలుసు. నేను తమ గదికి వచ్చిన రోజున తెలిసే ఆ నవ్వు నవ్వారు. అయినా రాస్తాను. మా పేటలో బడి పేరు ఒకటి, చర్చి పేరు ఒకటి. బడి పేరు మీద షెడ్యూల్డు కులం సర్టిఫికెట్టు వస్తుంది, దాని మీద ఉద్యోగం వస్తుంది. చర్చి పేరు మీద రాదు. కిరస్తానీ అయిన వాడికి ఆ కులం ఉండదని చట్టం. మా ఊరి కాఫీ హోటలు వాడికి ఆ చట్టం ఎవరూ చదివి వినిపించలేదు. మా నాన్న చంకలో బైబిలు పెట్టుకుని వెళ్లినా గ్లాసు విడిగానే ఇచ్చేవాడు. నేను ఆ సర్టిఫికెట్టు మీదే ఉద్యోగం తెచ్చుకున్నాను. దాన్ని ఏమనదలుచుకుంటే అది అనండి. ఇరవై నాలుగేళ్లుగా ఆ భయంతోనే ఆఫీసుకు పోతున్నాను.

5. గత నెల గొట్టం పరీక్షకు వచ్చి బెంచీ మీద కూర్చుని ఉండగా నవదీప్ అనే కుర్రవాడు, తమ పరిశోధనలో కొత్తగా చేరిన సహాయకుడు, నా దగ్గరికి వచ్చాడు. తల్లిదండ్రులు తెలుగువారే, అతను ఢిల్లీలో పెరిగాడు.

"అంకుల్, ఆప్ తెలుగు హైఁ నా? ఈ సాలొమోను అంకుల్ మీకు తెలుసా? ఏప్రిల్లో పాజిటివ్, ఇప్పుడు మళ్లీ పాజిటివ్. సీసా ఇచ్చి వెళ్లిపోతారు, స్కోపీకి మాత్రం రారు. నాన్ కోఆపరేటివ్ అని రాసేశారు."

"తెలుసు. నేనే బాబూ," అన్నాను.

అతను నవ్వాడు. జోకనుకున్నాడు. నా హెల్త్ కార్డు చూపించి, పరిశోధన వారిచ్చిన నలభై ఒకటో నంబరు కార్డు చూపించి, రెంటినీ పక్కపక్కన పట్టుకున్నాను. అప్పుడు నవ్వడం మానేశాడు. "అంకుల్, మీరు వెంటనే డాక్టర్ సాబ్‌ను కలవండి," అని గది దాకా వచ్చాడు. తమ ఆసుపత్రిలో ఈ విషయమై బుర్ర వాడినది ఆ కుర్రవాడొక్కడే. అతనికి ఇందువల్ల మాట రాకుండా చూడవలెను.

6. తమ పరిశోధన కాగితాల్లో తొమ్మిదో పేజీలో స్పష్టంగా ఉంది. మూత్రంలో దోషం కనబడి, గొట్టంలో ఏమీ కనబడకపోతే, ఆరు వారాల లోపల మత్తు ఇచ్చి నాలుగైదు చోట్ల ముక్కలు తీసి చూడాలి. కంటికి కనబడనిది మూత్రాశయం గోడకు అంటుకుని ఉండవచ్చునట. దోషం సాలొమోను ఫైలులో ఉంది. ఏమీ కనబడకపోవడం శ్రీరాములు ఫైలులో ఉంది. శ్రీరాములు బాగున్నాడు, మూడు నెలలకు రమ్మన్నారు. సాలొమోను మొండివాడు, పేరు కొట్టేశారు. ఏప్రిల్ నుంచి లెక్కవేస్తే పదిహేడు వారాలు. ఇప్పుడు మళ్లీ రక్తం కూడా పడుతున్నది. ఒకే కాగితానికి రెండు నంబర్లు పడితే మా సెక్షన్లో చప్రాసీ కూడా మమ్మల్ని అడగకుండానే ట్యాగు వేసి కలిపేస్తాడు. అతను ఎనిమిదో తరగతి తప్పాడు. తమ పరిశోధన డాక్టరు గారి పేరు వెనకాల డిగ్రీలు బోర్డు చాలక రెండో వరుసలోకి దిగాయి.

ఆ డాక్టరు గారు ఏమన్నారంటే, విదేశంలో సభకు పత్రం వెళ్లిపోయింది, అందులో నలభై ఒకటో నంబరు సహకరించని రోగి, ఇప్పుడు మారిస్తే లెక్కలు చెడతాయి అన్నారు. ఆయన కనిపెట్టిన పరీక్ష, గొట్టానికి దొరకనిది పట్టుకుంది. ఆ ఒక్క గెలుపునే చెత్తబుట్టలో వేసి, మిగతావి పట్టుకుని విమానం ఎక్కారు. శాస్త్రజ్ఞుడంటే ఇంకోలా ఉంటాడనుకున్నాను.

7. ఆయన తమ దగ్గరికి పంపారు. తమరు ఏసీ గదిలో బాదం పప్పులు నములుతూ అన్న మాటలు యథాతథంగా: "రెండు పేర్ల వ్యవహారం ఏంటో నాకు తెలీదనుకున్నావా? ఇద్దరూ ఒకటేనని గెజిటెడ్ ఆఫీసరు సంతకంతో సర్టిఫికెట్టు పట్రా. లేదా నోరు మూసుకుని వెళ్లు. ఎక్కువ మాట్లాడితే మీ డిపార్టుమెంటుకు నేనే లెటరు రాస్తా. ఠీక్ హై?" నాకు తెలిసిన గెజిటెడ్ ఆఫీసరు మా సెక్షన్ ఆఫీసరొక్కరే. ఆయన చేత సంతకం పెట్టించుకోవడమంటే ఉద్యోగం, క్వార్టరు రెండూ నా చేత్తో అప్పజెప్పి రావడమే. అది తెలిసే అడిగారు. ఒక రోగి దగ్గర నుంచి లాక్కోగలిగినది ఏమిటా అని వెతికి, అదే పట్టుకున్నారు. తమకు కేన్సరు గురించి ఏమీ తెలియకపోయినా ఈ విద్య బాగా తెలుసును.

కావున, రెండు ఫైళ్లకు కలిపి ఒక ట్యాగు వేయించి (ట్యాగు లేకపోతే నేనే తెస్తాను), ఈ వారంలోనే ముక్క పరీక్షకు తేదీ ఇప్పించవలెనని కోరుతున్నాను. నాకు యాభై ఒకటో ఏడు. చావంటే భయంగా ఉంది. ఇలాంటి వాక్యం అర్జీలో రాయరాదని తెలుసును, అయినా ఉంచుతున్నాను.

బాదం పప్పులు అయిపోయిన పిమ్మట తీరికగానైనా చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు (ఈ మాట అలవాటు కొద్దీ రాసినది),

కె. శ్రీరాములు
కె. సాలొమోను
(రెండు సంతకాలూ ఒకే చేతివి. చెయ్యి కూడా కావాలంటే వచ్చి చూపిస్తాను.)

తా.క. 16 ఆగస్టు. పై అర్జీని సర్టిఫికెట్టు లేకుండానే ఇద్దామని సంచిలో పెట్టుకుని నాలుగు రోజులు తిరిగాను. ఇచ్చే ధైర్యం రాలేదు. నిన్న పంద్రాగస్టు సెలవు. మధ్యాహ్నం రక్తం గడ్డలు అడ్డుపడి మూత్రం ఆగిపోయింది. జ్ఞానకుమారి ఇంట్లోనే గొట్టం వేసి తీసింది. చేతులు కడుక్కుని వచ్చి, "మీరే లేకపోయాక ఆ ఉద్యోగం ఎవరు చేస్తారండీ?" అని ఏడ్చింది.

ఈ ఉదయం మా సెక్షన్ ఆఫీసరు పద్మనాభం గారి ముందు, ఇద్దరూ ఒకటేనన్న సర్టిఫికెట్టు కాగితం పెట్టాను. ఆయన రెండు సార్లు చదివారు. కళ్లజోడు తీశారు.

"శ్రీరాములూ, సంతకం పెట్టాక నేను చూడనట్టు ఊరుకోలేనయ్యా."

"వద్దండీ. చూడండి."

పెట్టారు. ఒక ప్రతి ఇందుతో జతపరచడమైనది. మరొక ప్రతిని మా విజిలెన్సు వారికి నా చేత్తోనే కవరులో పెట్టి, నంబరు వేసి, డిస్పాచి చేశాను. మా డిపార్టుమెంటుకు తమరు రాయవలసిన లెటరు ఇక ఏమీ లేదు. ఇప్పుడు తీరిక దొరికింది గనుక ఆపరేషను థియేటరుకు ఒక ముక్క రాయండి. పై రెండింటిలో ఏ పేరు రాసినా సరే, వస్తాను.