మైక్రోస్కోపులో ఒకే రంగు

కరీంనగర్, 1963
బుధవారం రాత్రి

ఇవాళ సార్‌కు తెలిసిపోయింది. బాటనీ ప్రాక్టికల్‌లో కాండం ముక్కకు రెండు రంగులు పట్టించి మైక్రోస్కోపు కింద పెట్టారు. అందరికీ ఎరుపు, ఆకుపచ్చ విడివిడిగా కనిపించాయట. నాకు అంతా ఒకే మట్టిరంగు. ఎప్పటిలాగే పక్కనున్న రహీం బొమ్మ చూసి వేశాను. రంగు పెన్సిళ్ల మీద పేర్లుంటాయి కాబట్టి ఇన్నాళ్లూ గడిచింది. ఇవాళ ఒక పెన్సిల్ మీద పేరు చెరిగిపోయి, ఎరుపు ఉండాల్సిన చోట ఆకుపచ్చ వేశాను.

క్లాసయ్యాక సార్ నన్ను ఆపి, రెండు రంగుసీసాలు ముందు పెట్టారు. "గిండ్ల ఎర్రదేది?"

ఒకటి చూపించాను. సార్ రెండో సీసా తీసి నా చేతిలో పెట్టారు, ఎర్రది అదేనట.

"ఇంట్ల ఎరుకేనా?"

"లేదు సార్. నా కొడుకు డాక్టరైతడని బాపు తను పనిజేసే బొగ్గుబాయిల అందరికీ చెప్పుకున్నడు."

"డాక్టర్ చదువుకు కండ్లు చూస్తరు. టీచర్ పనికి గంత పట్టింపు లేదు. ముందుగాల రేపు దవాఖానకు పోదాం, నేను గూడ వస్త. జర ధైర్యంగుండు."

తలూపాను. టీచర్‌నైతే అవుతానేమో. రేపు దవాఖానలో ఉన్నది ఉన్నట్టు కాగితం మీద రాసిస్తారు. బాపుకు చదువు రాదు. ఆ కాగితం ఆయనకు చదివి వినిపించాల్సింది నేనే.